మడమ లేని అడుగు

దొండకాయలు తరుగుతూ రత్నాంబ ఒక మాట అంది. ఆ మాట అనకపోయినా దొండకాయలు తెగేవి, పొద్దూ గూకేది. కానీ ఆవిడ నోరు ఊరుకుంటేనా!

ముందు మొదలెట్టింది కోడలు పద్మప్రియ. వంటింటి గుమ్మానికి చేరబడి, హాల్లో మెరుస్తున్న నల్లరాయి గచ్చుకేసి చూస్తూ, "ఈ గ్రానైటు వేయించకుండా ఉండాల్సిందత్తయ్యగారూ. అద్దంలా ఉంది. దీని మీద ఏ అడుగు వేసినా పట్టి చూపించేస్తుంది" అంది.

పోయిన గురువారంనాడు పాలకొల్లు వాళ్ళొచ్చి మనవరాలు సింధూరిని చూసి వెళ్ళారు. వంటింట్లోంచి హాల్లోకి పద్నాలుగు అడుగులు. పిల్ల కాఫీ పళ్ళెం పట్టుకుని ఆ పద్నాలుగు అడుగులూ వేసేసరికి నాలుగు కప్పుల్లోనూ కాఫీ ఎడమవైపుకే ఒలికింది. వాళ్ళు సగం తాగి లేచారు. మళ్ళీ కబురు లేదు.

కోడలి గొంతు జీరబోతుంటే చూడలేక రత్నాంబ, "పోనిద్దూ. ఇసుకలో అయితే ఎవరి నడకైనా ఒకటే" అంది, ఏదో ఓదార్పుకి.

కళ్ళు ఒత్తుకుంటున్న పద్మప్రియ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"ఏమన్నారూ?"

"ఏమన్నానే? ఇసుకలో..."

అప్పటికే కోడలు ఫోను అందుకుంది. ఏలూరు భాస్కరరావు పెళ్ళిళ్ళు కుదురుస్తాడు. ఆయన చెప్పిన సంబంధం ఒకటి నెలరోజులుగా నానుతోంది. మందుల షాపు వాళ్ళు. తల్లి మాణిక్యం, కొడుకు సాయికృష్ణ. దొండకాయల వేపుడు పొయ్యెక్కే లోపలే అంతా కుదిరిపోయింది. వచ్చేది రెండో శనివారం, పైగా కార్తీకమాసం. వీళ్ళు సముద్ర స్నానానికని పేరుపాలెం బీచికి వెళ్తారు. రెండు రోజులు గెస్ట్‌హౌసులో ఉంటారు. సరిగ్గా అప్పుడే, అనుకోకుండా, ఏలూరు వాళ్ళూ అక్కడికే వస్తారు.

రాత్రి ఎనిమిదింటికి రత్నాంబ కొడుకు విజయ్‌కుమార్ మార్కెట్లోంచి వచ్చాడు. తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల వ్యాపారం వాళ్ళది. జుట్టులో ఇంకా ఎర్రటి పొరలు అంటుకునే ఉన్నాయి. విషయం విని, "పిల్లకి చెప్పొద్దూ?" అన్నాడు.

"చెప్తే వస్తుందాండీ?"

అతను కాసేపు ఆలోచించి తల్లి వైపు తిరిగాడు. "అమ్మా, నీ నోరు..."

"నా నోటికేం రోగంరా?"

"ఏ రోగమూ లేదు. అదే భయం."

సింధూరి పుట్టి ఇరవైనాలుగేళ్ళు అవుతున్నా ఆ ఇంట్లో 'కాలు' అనే మాట ఎవరూ పలకరు. 'ఆ సంగతి' అంటారు. బయటివాళ్ళు అడిగితే, 'చిన్నప్పుడు కాస్త జ్వరం తగిలిందండీ' అని మాట మార్చేస్తారు. రత్నాంబ ఊళ్ళో వాళ్ళ మూడు తరాల కబుర్లు చెప్పగలదు. ఎవరి పెళ్ళిలో ఏ కూర మాడిందో కూడా చెప్పగలదు. ఈ ఒక్క విషయం దగ్గరకొచ్చేసరికి ఆవిడ కూడా పక్క వీధిలోంచి తిరిగిపోతుంది.

అయినా బుధవారం, గురువారం, శుక్రవారం ఆవిడకి ముళ్ళ మీద నిలబడినట్టే గడిచాయి. సింధూరి వట్లూరు దగ్గర ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్తుంది. పొద్దున పాసింజరుకి వెళ్ళి సాయంత్రం పాసింజరుకి వస్తుంది. రాగానే వరండాలో చెప్పులు విడుస్తుంది. కుడిది మామూలు చెప్పు. ఎడమదానికి అడుగున నల్లటి రబ్బరు పొరలు ఒకదాని మీద ఒకటి అతికించి ఉంటాయి, అంగుళంన్నర మందం. స్టేషన్ దగ్గర కూర్చునే బుచ్చిబాబు చేసిస్తాడు. రబ్బరు కోసి, గరుకు కాగితంతో రుద్ది, జిగురు పూసి, రాత్రంతా బరువు పెట్టి ఉంచుతాడట. బజార్లో దొరికే చెప్పు కాదది. చినుకు పడ్డ రోజుల్లో ఆ పొరల మధ్య బురద ఇరుక్కుంటే, రత్నాంబ చీపురుపుల్లతో గీకి తుడిచిపెడుతుంది. అది ఆవిడ పని. ఎవరూ చెప్పలేదు, ఎవరూ వద్దనలేదు.

శుక్రవారం సాయంత్రం అలా తుడుస్తుంటే సింధూరి పక్కన కూర్చుంది.

"మామ్మా, పులిహోర నువ్వే కలపాలి. అమ్మ కలిపితే చింతపండు పులుసు తాగినట్టుంటుంది."

"ఊఁ."

"ఊఁ ఏంటి? సముద్రం చూసి ఎన్నేళ్ళయిందో తెలుసా నీకు? నీకు తెలియకేం, తిథితో సహా చెప్తావ్."

"ఊఁ."

సింధూరి వంగి ఆవిడ ముఖంలోకి చూసింది. "ఒంట్లో బాలేదా? నిన్నటి నుంచి మీ చెల్లెలి ఆడపడుచు మాట కూడా ఎత్తలేదు."

రత్నాంబ చీపురుపుల్ల పొర సందులోకి మరీ లోతుగా గుచ్చింది. పుల్ల విరిగింది.

శనివారం పొద్దున్నే బయల్దేరారు. కారులో ఉల్లిపాయల వాసన. వెనక సీట్లో రత్నాంబ ఒళ్ళో పులిహోర డబ్బా, పక్కన సింధూరి. భీమవరం దాటాక రోడ్డుకి అటూ ఇటూ చేపల చెరువులు, వాటిల్లో నీళ్ళు చిమ్ముతూ తిరిగే చక్రాలు. చెరువులు లేని చోట కోతలైన చేలు. రోడ్డు మీద సగం దాకా ధాన్యం ఆరబోస్తే విజయ్‌కుమార్ కారు పక్కకి తిప్పుకుంటూ నడిపాడు. సింధూరి అద్దం దించి, గాలికి జుట్టు ఎగురుతుంటే నవ్వుకుంటోంది. పిల్లలు మార్కులకోసం రాసే కట్టుకథలు చెప్పి వాళ్ళ నాన్నని నవ్వించింది. పద్మప్రియ నవ్వాల్సిన దానికంటే ఎక్కువ నవ్వింది. రత్నాంబ డబ్బా మూత బిగుతుగా ఉందో లేదో పదిసార్లు చూసుకుంది.

గెస్ట్‌హౌసు దగ్గర దిగుతుంటే పద్మప్రియ, "చెప్పులు కారులోనే వదిలెయ్యవే. ఇసుకలో పాడైపోతాయి. బుచ్చిబాబు కొత్తగా చేశాడు కదా" అంది.

"రూములోకి?"

"రూమెంతసేపే? రెండడుగులు."

సింధూరి తల్లి వైపు ఒక్క క్షణం చూసి, విడిచింది. పద్మప్రియ వాటిని డిక్కీలో పెట్టి, తాళం వేసి, తాళం మొగుడి చేతికిచ్చింది. డిక్కీ మూత పడిన చప్పుడు రత్నాంబకి ఎక్కడో తగిలింది. మూసింది కోడలే. ఎలా మూయాలో చెప్పింది మాత్రం తన నోరే కదా!

నాలుగింటికి ఇసుకలో చాప పరుచుకుని పులిహోర తింటుంటే, సరుగుడు తోట వైపు నుంచి భాస్కరరావు వచ్చాడు. వెనక అరవై దాటని ఒకావిడ, ఆవిడ పక్కన కళ్ళజోడు పెట్టుకున్న కుర్రాడు.

"అరెరే! విజయ్‌కుమార్‌గారూ! మీరూ ఇక్కడే! ఎంత విచిత్రమండీ! అసలు అనుకోలేదు సుమండీ!" అన్నాడు భాస్కరరావు, దూరంగా వలలు ఆరబెట్టుకుంటున్నవాళ్ళు కూడా తిరిగి చూసేంత గట్టిగా.

సింధూరి చేతిలో ముద్ద ఆగింది. తల్లిని చూసింది, తండ్రిని చూసింది, చివరికి మామ్మని చూసింది. రత్నాంబ డబ్బాలో వేరుశనగ పప్పులు లెక్కపెడుతోంది.

"ఓహో" అంది సింధూరి మెల్లగా. ఆ పిల్ల కోప్పడలేదు. చెయ్యి కడుక్కుని, జుట్టు సవరించుకుని, "చెప్తే నేను రానా మామ్మా? కాస్త మంచి చీర కట్టుకునేదాన్ని" అంది చెవిలో. ఆ మాటకి రత్నాంబ గుండెల మీంచి సగం బరువు దిగింది. మిగతా సగం కదల్లేదు.

మాణిక్యం మర్యాదస్తురాలు. పులిహోర రెండోసారి అడిగి పెట్టించుకుంది. "ఇంగువ మీరే వేశారాండీ? మా ఇంట్లో ఎవరికీ ఈ పాళ్ళు కుదరవు" అంది. సాయికృష్ణ తక్కువ మాట్లాడాడు కానీ, సింధూరి కాలేజీ గురించి అడిగినప్పుడు సమాధానం పూర్తయ్యేదాకా విన్నాడు. అది రత్నాంబకి నచ్చింది. కాసేపటికి భాస్కరరావు, "పిల్లలు అలా నడిచి రండమ్మా" అన్నాడు.

ఇద్దరూ లేచారు. పొడి ఇసుక చీలమండ దాకా దిగుతోంది. సింధూరి ఒరిగింది, సాయికృష్ణా ఒరిగాడు. వెనకే పెద్దవాళ్ళూ బయల్దేరారు. మాణిక్యం కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, రెండుసార్లు తూలి, "అబ్బ, ఈ ఇసుకలో ఎవరూ తిన్నగా నడవలేరమ్మా!" అని నవ్వింది. పద్మప్రియ అత్తగారి చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది. ఆ నొక్కడంలో ఎంత కృతజ్ఞత ఉందంటే, రత్నాంబకి చెయ్యి లాగేసుకోవాలనిపించింది.

అప్పుడు సాయికృష్ణ సముద్రం వైపు చూపించాడు. ఇద్దరూ నీళ్ళ వైపు తిరిగారు.

సముద్రం బాగా వెనక్కి తగ్గి ఉంది. అది వదిలిపెట్టిన తడి ఇసుక గట్టిగా, నున్నగా, అలికిన వాకిలిలా పరుచుకుని ఉంది. రత్నాంబ ఆ తడి అంచు దగ్గరికొచ్చి కిందకి చూసింది. 

కుర్రాడి అడుగులు కుర్రాడివి. వాటి పక్కన సింధూరివి. కుడి అడుగు నిండుగా పడింది, వేళ్ళూ, పాదమూ, మడమా. ఎడమ అడుగులో వేళ్ళున్నాయి, మునివేళ్ళ కింద లోతైన గుంట ఉంది, మడమ లేదు. కుడి అడుగు, సగం అడుగు. కుడి అడుగు, సగం అడుగు. అలా నీళ్ళ అంచు పొడుగునా, ముగ్గు పెట్టినట్టు, ఎవరైనా చదువుకునేట్టు రాసి ఉంది. పొడి ఇసుక సంగతి ఆలోచించిన బుర్రకి తడి ఇసుక సంగతి తట్టలేదు! తన అమ్మమ్మగారి ఊరు అంతర్వేది పక్కనే అని గొప్పలు పోయేదే, ఎన్ని కార్తీకాలు ఆ ఇసుకలో పొర్లిందో!

వెనక ముప్ఫై అడుగుల దూరంలో మాణిక్యం వస్తోంది, పద్మప్రియతో ఏదో చెప్తూ.

రత్నాంబ ఇంక ఆలోచించలేదు. చీర పైకి దోపి, మనవరాలి అడుగుల మీదకి వెళ్ళింది. మొదటి సగం అడుగు మీద తన పాదం పెట్టి, అటూ ఇటూ రుద్దింది. రెండోదాని మీద పెట్టింది. రుద్దింది. మోకాళ్ళు కలుక్కుమంటున్నాయి. మూడోది. నాలుగోది. వాళ్ళు ముందుకి పోతున్నారు, కొత్తవి పడుతున్నాయి. ఈవిడ వంగి, కాలితో చాలకపోతే చేత్తో కూడా చదును చేస్తోంది, గచ్చు మీద ఒలికిన పాలు తుడిచినట్టు. ఆవిడకి ఒకటే యావ. ఇంకొక్కటి, ఇంకొక్కటి చెరిపేస్తే చాలు.

"మామ్మా."

తలెత్తింది. సింధూరి నాలుగు గజాల అవతల నిలబడి ఉంది.

"ఏం చేస్తున్నావ్ మామ్మా?"

"ఏం లేదమ్మడూ. గవ్వలు..."

సింధూరి కింద చూసింది. తన దగ్గర్నుంచి మామ్మ దాకా ఉన్న అడుగులు చూసింది. మామ్మ వెనక, ఏ అడుగూ లేకుండా చెరిగిపోయిన ఇసుక చూసింది. తర్వాత ఆ పిల్ల కళ్ళు పొడి ఇసుక మీదుగా, చాప మీదుగా, రోడ్డు పక్కన కారు దాకా వెళ్ళాయి. డిక్కీ దగ్గర ఆగాయి. రత్నాంబకి ఆ చూపు వెళ్తున్న దారంతా తెలుస్తూనే ఉంది, ఆపడానికే లేదు.

"ఇందుకా" అంది సింధూరి. "సముద్రం ఇందుకా."

ఈలోపు మిగతావాళ్ళు వచ్చేశారు. సింధూరి తండ్రి ముందుకి వెళ్ళి చెయ్యి చాపింది.

"నాన్నా, కారు తాళం ఇవ్వండి."

"ఎందుకమ్మా ఇప్పుడు..."

"ఇవ్వండి."

విజయ్‌కుమార్ భార్య వైపు చూడకుండా ఇచ్చాడు. సింధూరి పొడి ఇసుక దాటి, సిమెంటు రోడ్డెక్కింది. ఎండ వాలి, రోడ్డు తెల్లగా ఉంది. దాని మీద ఆ పిల్ల నడక ఉన్నది ఉన్నట్టు కనిపించింది. కుడి కాలు వేస్తుంది, ఎడమవైపు ఒంగుతుంది, మళ్ళీ లేస్తుంది. తొందరపడలేదు.  భాస్కరరావు గొంతు సవరించుకుని మానేశాడు. సింధూరి డిక్కీ తీసి, చెప్పులు కింద పెట్టి, ఒక్కొక్కటే వేసుకుని, తిరిగొచ్చింది. మందపాటి చెప్పు ఇసుకలో దిగబడుతుంటే పీక్కుంటూ వచ్చింది.

వచ్చి మాణిక్యం ఎదురుగా నిలబడింది. "నాకు ఎడమ కాలు పొట్టండీ. వీళ్ళు చెప్పలేదేమో."

మాణిక్యం ఆ పిల్లని చూడలేదు. పద్మప్రియని చూసింది.

"మాకు మొదటిరోజే తెలుసండీ" అంది. "భాస్కరరావుగారు ఫొటో ఇచ్చినప్పుడే చెప్పారు."

"చెప్పకపోతే నా పేరుంటుందాండీ?" అన్నాడు భాస్కరరావు, చాలా చిన్న గొంతుతో.

"మరి మాతో అనలేదేం?" అంది పద్మప్రియ.

"మీరెప్పుడూ ఆ మాట ఎత్తలేదు కదండీ. ఎత్తనివారితో నేనెలా ఎత్తను? బీచి అన్నారు, సరదాకి కాబోలనుకున్నా."

"నేనూ సరదాకే అనుకున్నా" అంది మాణిక్యం. పులిహోర తింటున్నప్పుడు ఆవిడ గొంతులో ఉన్న మెత్తదనం పోయింది. "అన్నీ తెలిసి, ఇష్టపడి వచ్చామండీ. తీరా వచ్చి చూస్తే, ఇసుక చూసి పిలిచారన్నమాట. ఇది దాచినవాళ్ళు ఇంకేం దాచారో అనుకోనా, మానుకోనా? మీరే చెప్పండి."

 మాణిక్యం సింధూరి వైపు తిరిగింది. "నీకూ తెలుసామ్మా ఇదంతా?"

 నాకు తెలీదు అంటే అమ్మానాన్నల్ని నలుగురిలో నిలబెట్టినట్టు. తెలుసు అంటే అబద్ధం. సింధూరి పెదవి పంటి కింద పెట్టుకుని నిలబడింది. ఆ నిలబడడం చూసి రత్నాంబ తడి ఇసుక అంటిన చేతులు చీరకి తుడుచుకుంది.

"దానికి తెలీదండీ" అంది. "దాని అమ్మకీ మొదట తెలీదు. ఆ ఇసుక మాట నాది. నా నోట్లోంచి వచ్చిందే. ఇందాకా ఆ అడుగులు చెరిపిందీ నేనే. వయసొచ్చింది గానీ బుద్ధి రాలేదు. అనదల్చుకుంటే నన్నొక్కదాన్నీ అనండి."

మాణిక్యం కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుంది. "చీకటి పడుతోంది, వెళ్ళొస్తాం" అంది. సాయికృష్ణ రెండడుగులు వేసి, ఆగి, సింధూరితో ఏదో అనబోయాడు. తల్లి అప్పటికే నడుస్తోంది. అతనూ వెళ్ళాడు.

ఆ రాత్రి సింధూరి అందరితోనూ మాట్లాడింది. దోమల చక్రం ఎక్కడుందని అడిగింది, తండ్రికి మాత్ర అందించింది. మామ్మతో మాత్రం మాట్లాడలేదు.

ఆదివారం తెల్లవారేసరికి బీచి నిండా జనం. ఊళ్ళ నుంచి ఆటోల్లో, ట్రాక్టర్లలో వచ్చి ఆడవాళ్ళు అరటి దొప్పల్లో దీపాలు వెలిగించి నీళ్ళలో వదులుతున్నారు. రత్నాంబ తువ్వాలు భుజాన వేసుకుని ఇసుక మొదట్లో నిలబడింది. స్నానం చెయ్యాలి, అందుకే కదా వచ్చింది. కానీ అలలోకి ఒక్కతీ దిగలేదు. ఎప్పుడూ పట్టుకునే భుజం ఒకటుంది. అది అడిగే ముఖం ఈ పొద్దున లేదు.

వెనక గెస్ట్‌హౌసు వరండాలోంచి పద్మప్రియ పరుగున వచ్చింది, ఫోను గుండెకి అదుముకుని. "భాస్కరరావుగారండీ! ఆ అబ్బాయి రాత్రంతా వాళ్ళమ్మతో మాట్లాడాడట. బుధవారం మనింటికొస్తారట! సింధూ ఏదీ?"

సింధూరి వెనకాలే ఉంది, చెప్పులు వేసుకుని. "ఎవరొస్తారు?"

"వాళ్ళే! మనింటికే, బుధవారం!"

"రావద్దను" అంది సింధూరి.

పద్మప్రియ ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టింది. "వద్దంటావేంటే!"

"ఇలా ఇవ్వు" అని సింధూరి ఫోను తీసుకుంది. "బాబాయిగారూ, నమస్కారమండీ. వాళ్ళు రావద్దు, మేమే వస్తాం ఏలూరు. బుధవారం నాకు కాలేజీ నాలుగింటికల్లా అయిపోతుంది. వాళ్ళింట్లో ఏ గచ్చుందో, ఎన్ని మెట్లున్నాయో నేనూ చూసుకోవాలి కదండీ. ఆ... కాఫీ ఆ అబ్బాయినే తెమ్మనండి. ఒలికినా ఫర్వాలేదు, నేను లేచి వచ్చెయ్యను."

 సింధూరి ఫోను తల్లికిచ్చేసి ముందుకి నడిచింది. రత్నాంబ పక్కకి వచ్చి ఆగింది. సముద్రాన్నే చూస్తూ, భుజం కొంచెం కిందకి వంచింది. అంతే. రత్నాంబ చెయ్యి వేసింది. ఇద్దరూ నీళ్ళ అంచు దాకా వచ్చారు.

అక్కడ సింధూరి చెప్పులు విడిచి, దులిపి, రెండూ మామ్మ చేతుల్లో పెట్టింది.

"ముందు నేను మునిగొస్తాను. తర్వాత నిన్ను తీసుకెళ్తా. ఇవి పట్టుకో." రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "కొంగులో పెట్టకు."

రత్నాంబ కొంగు అప్పటికే సగం కప్పేసింది. తీసేసింది. ఒక చెప్పు తేలిక, ఒకటి బరువు. రెండూ గుండెల దగ్గర పట్టుకుని నిలబడింది. పిల్ల తడి ఇసుక మీద నడిచి వెళ్తోంది. కుడి అడుగు, సగం అడుగు. అల ఒకటి వచ్చి కొన్నింటిని తీసుకుపోయింది, కొన్నింటిని ఉంచింది. రత్నాంబ కాలు కదపలేదు.

పక్కన దీపం వెలిగించుకుంటున్న గణపవరం నుంచి వచ్చిన ఒకావిడ చూసి, "అదేంటండీ పిన్నిగారూ, ఒకటి మందం, ఒకటి పల్చనా?" అంది.

రత్నాంబ నోరు తెరిచింది.  

"మా మనవరాలివండీ" అంది. "ఎడమ కాలు పొట్టి దానికి. అంగుళంన్నర." తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. ఇంకాస్త గట్టిగా అంది. "అదుగో, ఆ నీలం చుడీదారు పిల్ల. ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్తుంది. ఈ చెప్పు మా బుచ్చిబాబు చేశాడు. బజార్లో దొరకదు. ముందు రబ్బరు పొరలు కోస్తాడు, గరుకు కాగితంతో రుద్దుతాడు..."

ఆవిడ దీపం నీళ్ళలో వదిలి వెళ్ళిపోయింది. రత్నాంబ మాట ఆపలేదు. ఇటు పక్కనున్నామె వైపు తిరిగి, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది.